మాస్టారి చెవికి తగిన స్పీకరు

మా చర్చిలో గిటారు వాయించేది నేనే. గొప్పగా వాయిస్తానని కాదు, ఇబ్రహీంపట్నంలో ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. నాకు నేర్పింది మా మాస్టారు. ఇప్పుడు ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ముందు వేళ్ళు వంగడం మానేశాయి, తర్వాత చెవులు మొరాయించాయి. చెవి మిషను పెట్టుకుంటే అందరి మాటలూ రేకుల షెడ్డు మీద వానలా ఉన్నాయని దాన్ని బీరువాలో పడేశారు. ఆరాధనలో ఆయనకు అందేది ఒక్క గిటారే. అదీ యాంప్లిఫయరు పక్కనే కుర్చీ వేసుకుంటేనే.

ఆ యాంప్లిఫయరు ఒకప్పుడు ఆయనదే. వాల్వులతో పనిచేసే చిన్న పెట్టె, స్విచ్ వేసి కాసేపు ఆగితే గానీ పలకదు. పోయినేడు ఎలుక దాని స్పీకరు కాగితాన్ని కొరికేసింది. ఆ తర్వాత వరసగా మూడు ఆదివారాలు మాస్టారు రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ళావిడ తీశారు.

"అక్కడ కూర్చుని గోడలు చూడ్డానికి ఎందుకు అంటున్నారమ్మా" అన్నారు.

నా మనసు చివుక్కుమంది. మర్నాడే విజయవాడ వన్ టౌన్‌లో స్పీకర్లు బాగుచేసే భాయ్ దగ్గరికి వెళ్ళాను. మా వైపు స్పీకరు కొనే పద్ధతి ఒకటుంది. వెనక్కి తిప్పి మాగ్నెట్ ఎంతుందో చూస్తాం, చేత్తో ఎత్తి బరువు చూస్తాం. మైకు పెడితే కాలవ అవతలి ఊరికి కూడా వినపడాలి కదా! నేనూ అలాగే, పుచ్చకాయ ఏరినట్టు, ఉన్నవాటిలో బరువైనది ఏరాను.

"అది ఊరేగింపులకమ్మా. మీ చిన్న పెట్టె దాన్ని కదపలేదు" అన్నాడు భాయ్.

నేను వింటేగా! నాకు తెలిసిందే వేదం. బిగించి వాయిస్తే అందరూ బ్రహ్మాండం అన్నారు. మాస్టారిని బతిమాలి రప్పించాను. ఆయన పెట్టె మీద చెయ్యి వేసి చివరిదాకా కూర్చున్నారు. లేస్తూ "బాగుందమ్మా" అన్నారు. ముప్ఫయ్యేళ్ళలో నా వాయింపుని ఒక్కసారి కూడా బాగుందనని మనిషి! ఆయనకు ఒక్క ముక్క కూడా వినపడలేదని నాకు అప్పుడే అర్థమైంది.

సిగ్గుపడుతూ మళ్ళీ వన్ టౌన్ వెళ్ళాను. నేను చెప్పలేదా అని దులిపేస్తాడనుకున్నాను. భాయ్ ఆ మాటే ఎత్తలేదు.

"ఇంతకీ వినేది ఎవరమ్మా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నాకు ముందే తట్టి ఉండాల్సింది. అడిగినందుకు ఆయనకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. మాస్టారి సంగతంతా చెప్పాను.

"మరి చెవి ఆయనది, ఏరేది మీరా? తీసుకురండి ఆయన్ని" అన్నాడు.

ఆ గురువారం పొద్దున్నే మాస్టారిని ఆటోలో ఎక్కించుకుని, పెట్టె, గిటారు వేసుకుని వెళ్ళాను. భాయ్ మా పెట్టెకు సరిపడేవి మూడు స్పీకర్లు మీటరు పెట్టి చూసి పక్కన పెట్టాడు. మాస్టారిని వాటికి వీపు చేసి కూర్చోబెట్టాడు. బేరానికి వచ్చిన ఎవరినైనా అలాగే కూర్చోబెడతాడట, మాగ్నెట్ కంటపడితే చెవి పనిచేయదని. బయట ఆటోల హారన్లు, తోపుడు బళ్ళ వాళ్ళ కేకలు. మాస్టారికి అవేవీ లేవు.

మొదటి దానిలో ఒక కీర్తన వాయించాను. మాస్టారు చేతి గడియారం చూసుకున్నారు. రెండో దానికి తల కొంచెం వంచారు, అంతే. నాకు భయం మొదలైంది. ఇదీ కాకపోతే ఇక ఆయన్ని చర్చికి రమ్మనడానికి నాకు ముఖం ఉండదు.

మూడోది ఏదో పాత రేడియోగ్రామ్‌లోంచి తీసింది. పల్చటి కాగితం, కాస్తంత మాగ్నెట్. దారిలో కనపడితే కాలితో పక్కకు నెట్టేదాన్ని. భాయ్ తీగలు కలిపి నా వైపు చూశాడు. వాయించాను. రెండు చరణాలు కూడా కాలేదు, మాస్టారు గిర్రున ఇటు తిరిగారు. ముఖం కందగడ్డలా ఉంది.

"రెండో తీగ శ్రుతి దిగిపోయింది కదటే! వినపడట్లా నీకు?"

భాయ్ చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది. సరిచేద్దామని వంగాను గానీ కళ్ళ నిండా నీళ్ళు, తీగ కనపడలేదు.

"వినపడింది మాస్టారూ" అన్నాను.

నా మాట ఆయనకు అందలేదు. కుర్చీని స్పీకరు దగ్గరికి లాక్కుని "ఊఁ, మొదట్నుంచీ వాయించు" అన్నారు.