తాళం వేసిన ఇంట్లో మజ్జిగ

లాల్‌దర్వాజాలో మేము అద్దెకున్న ఇంట్లో కరెంటు మీటరు వీధి తలుపు లోపల, వసారా గోడకు ఉండేది. బిల్లు కట్టకపోతే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీక్కుపోతాడు. ఇంటికి తాళం ఉంటే మాత్రం మీటరు దాకా రాలేడు. ఎండాకాలంలో ఆయన గల్లీ మొదట్లోనే బండి ఆపి, "కరెంటాఫీసు నుంచి వచ్చినం!" అని గట్టిగా అరిచేవాడు. బాకీ ఉన్నవాళ్లు గబగబా తాళం వేసి పక్కింట్లో కూర్చునేవారు. ఆయన ఎందుకలా అరుస్తాడో అందరికీ తెలుసు. ఎవరూ బయటికి అనేవారు కాదు.

నేను ఇంటర్ చదువుతున్న ఏడాది మే నెలలో నాన్నకు జీతం ఆలస్యమై, మా ఇల్లూ బాకీ ఇళ్ల జాబితాలోకి ఎక్కింది. ఆ రోజు అమ్మా నాన్నా పనికి వెళ్లారు. మురుగు నాలా పక్కన చెత్తకు ఎవరో నిప్పు పెట్టారు. పొగ రాకుండా కిటికీలు మూసి, తలుపు సందులో తడి దుప్పటి కుక్కాను. పైన రేకులు. వేడికి గోడకు వీపు ఆనించలేకపోయాను. నానమ్మకు ఆయాసం, ఫ్యాను కింద కూర్చుని కరెంటు మిషను మాస్కు పెట్టుకుని మందు ఆవిరి పీలుస్తోంది. ఆ మిషను మోతలో గల్లీలో అరుపు నాకు వినపడలేదు. తలుపు తట్టిన చప్పుడే వినపడింది. రాసుకుంటున్న డైరీతోనే వెళ్లి తీశాను.

ఎదురుగా లైన్‌మన్. నన్ను చూసి ఆయనే ఇబ్బంది పడ్డాడు.

"ఏంది బిడ్డా, ఇంట్ల ఎవరు లేరా?"

లేరంటే ఆ సాకుతో ఆయన వెళ్లిపోయేవాడు. నాకు కొత్తవాళ్లతో నిజమే సరిగా రాదు, అబద్ధం ఎక్కడ వస్తుంది? "నానమ్మ ఉంది" అన్నాను.

"గా మోత ఏంది?"

"మిషను. అది ఆగితే నానమ్మకు ఊపిరాడదు."

అంత పొడుగు మాట బయటివాళ్లతో అనడం నాకు అదే మొదలు. ఆయన మీటరు వైపు చూశాడు, పొగ వైపు చూశాడు. నా డైరీలోంచి పెన్ను తీసుకుని, జాబితాలో మా ఇంటి ఎదురుగా "తాళం" అని రాశాడు, తెరిచిన తలుపు ముందు నిలబడే.

లోపల నానమ్మ మాస్కు పక్కకు జరిపింది. "ఎవరే ఆయన? ఎండల వడి వచ్చిండు, జెర మజ్జిగ ఇయ్యి."

"తాళమేసిన ఇంట్ల మజ్జిగెవరిస్తరవ్వా?"

"నీ ముచ్చట్లు తర్వాత, ముందు తాగు."

ఆయన నేనిచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, "నాలుగు రోజులు ఫ్యూజు తియ్యకుంట ఆపుతా. గంతే నాతోని అయితది. బాపుకు చెప్పు" అన్నాడు. మూడో రోజు నాన్న బిల్లు కట్టాడు. ఆ తర్వాత ఆయన గల్లీలో కనిపిస్తే నానమ్మ, "తాళం భాయ్ వచ్చిండు" అనేది.

నానమ్మ పోయి రెండేళ్లయింది. మీటర్లు గోడ బయటికి వచ్చాయి, లైన్‌మన్ మారాడు. మొన్న ఒకచోట చదివాను: కొన్ని దేశాల్లో ఎండ ముదిరినప్పుడు, గాలి చెడినప్పుడు బిల్లు కట్టలేదని కరెంటు తీయకూడదట. అది రాసిపెట్టుకున్న నియమమట. మాకూ అలాంటిదుంటే ఆయన అబద్ధం రాయాల్సి వచ్చేది కాదు. నానమ్మ ఊపిరి నా నోట్లోని ఒక్క మాట మీద ఆధారపడేది కాదు.

ఆ సంగతి చదివి వినిపిస్తే నానమ్మ ఏమనేదో తెలుసు.

"మంచిదే. గని గా ఎండల తిరిగెటోళ్లకు మజ్జిగ ఇచ్చుడు కూడా రాసిండ్రా, లేదా?"