జానీకి నేను చెప్పిన చదువు

“పెంచలయ్యన్నా, నీ కుక్క రోడ్డెక్కిందన్నో!”

వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న మస్తాన్ అరుపది. ముత్తుకూరులో మా వీధి దాటితే పోర్టుకు పోయే లారీల రోడ్డే. చెప్పులేసుకోకుండా పరిగెత్తినా. మూడు నెలలు నేను కష్టపడి చెప్పిన చదువే మా జానీ ప్రాణం మీదికి తెస్తుందని అప్పటికి నాకు తెలీదు.

అంతకుముందు జానీ నన్ను లెక్కపెట్టేది కాదు. పిలిస్తే పక్కింటి గోడ వైపు చూసేది. ఫోన్‌లో ఒక వీడియో చూసి ట్రైనింగ్ మొదలుపెట్టినా. పేరు పిలవాల, అది కూర్చోని మన కళ్ళలోకి చూడాల, చూస్తే ఒక ఎండు రొయ్య పెట్టాల. రోజూ పొద్దున్నే వరండాలో ఇదే పని. జేబంతా నీచు వాసన. మా ఆవిడ కామాక్షి నా చొక్కాలు విడిగా ఉతికేది. జానీ మాత్రం ఎంత గట్టిగా నేర్చుకుందంటే, పిలిస్తే ఎక్కడున్నా అక్కడే కూలబడి, రొయ్య నోట్లో పడేదాకా కదిలేది కాదు. వీధిలో అందరికీ పిలిచి పిలిచి చూపించినా.

సరే, నేను పోయేసరికి అది రోడ్డు సగం దాటింది. నోరు మూసుకోనుంటే మిగతా సగం కూడా దాటేసుండేది. కంగారులో “జానీ” అని గట్టిగా కేకేసినా.

నడిరోడ్డు మీద కూర్చునింది. నా కళ్ళలోకే చూస్తా ఉంది.

పోర్టు వైపు నుంచి లోడు లారీ. హారన్ మీద హారన్. ఇంకో రెండు కేకలేసినా జానీ చెవి కూడా కదిలించలేదు. జేబులో చెయ్యి పెడితే రొయ్యకు బదులు కళ్ళజోడు తగిలింది. ఆదివారమని ఉతికిన చొక్కా వేసుకోనుండా.

“పిలవమాక అన్నా, పిలిచేకొద్దీ ఇంకా గట్టిగా కూర్చుంటా ఉంది” అన్నాడు మస్తాన్.

తువ్వాలు ఊపుకుంటా రోడ్డు మీదికి పోయినా. లారీ కీచుమని నాకు నాలుగడుగుల దూరంలో ఆగింది. మెడపట్టీ పట్టుకోని లాగితే జానీ రొయ్య ఏదన్నట్టు బిగుసుకునింది. ఇంతలో ఊరి వైపు నుంచి ఇంకో లారీ హారన్.

అప్పుడు మా వీధి చివర కామాక్షి, చేతిలో గరిటెతో.

“జానీ, అన్నానికి రా.” రోజూ పిలిచినట్టే, మామూలుగా.

జానీ నా చెయ్యి విదిలించుకోని ఉరికింది. రెండో లారీ దుమ్ము లేపుకుంటా నా పక్క నుంచే పోయింది.

ఆగిన లారీ డ్రైవర్ చెమటలు తుడుచుకుంటా దిగినాడు. “నువ్వు కూడా పో పెద్దాయనా. నిన్నూ పిలిచినట్టే ఉంది.”

“బండి పక్కన పెట్టి నువ్వూ రా నాయనా” అనింది కామాక్షి. “ఇట్ట బెదిరిపోయుంటే ఎట్ట తోల్తావు? తిని పో.”

మస్తాన్‌తో సహా అందరం వరండాలో కూర్చున్నాం. వంకాయ, ఎండు రొయ్యల కూర.

“మూడు నెలలు చూడమని నేర్పినారు. రమ్మని ఒక్కరోజన్నా నేర్పినారా?” అని కామాక్షి. నేను ముద్ద కలుపుకున్నా.

డ్రైవర్ నావైపు చూసి నవ్వుతా ఉండాడు. ఏంది అబ్బయా అని అడిగితే, గుమ్మం వైపు చూపించినాడు. అక్కడ జానీ, ఇక్కడ నేను. ఇద్దరం ఒకే తీరున కదలకుండా కూర్చోని, కామాక్షి చేతిలో గరిటె వైపే చూస్తా ఉండాం.