తనంతట తాను మడతపడ్డ చీర

చదువు ముగించి కొత్తగా వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో చేరిన ఆ రోజుల్లో, లోకంలో కదలకుండా ఉన్న ప్రతి వస్తువునూ చూసి నాకు జాలి వేసేది. తెర మీది బొమ్మ దగ్గరికి మౌస్ బాణం వస్తే ఆ బొమ్మ కదిలేలా చేయవచ్చని అప్పుడే నేర్చుకున్నాను మరి. నేను రాసిన కోడుకు మొదటిసారి ఒక బటన్ ఊపిరి పీల్చినట్టు ఉబ్బి తగ్గిన రోజున, సూరత్‌లోని బమ్రోలి పేటలో మా ఇంటికి నడిచి వెళ్తూ దారిలోని గేట్లను కూడా అనుమానంగా చూశాను. (ఒకదాన్ని ముట్టుకున్నాను కూడా. గేటు కదల్లేదు, దాని వెనక కుక్క కదిలింది.)

మా ఆఫీసంటే రెండు బల్లలు. యజమానిది కరీంనగర్ వైపు. ఆయన్ని 'అన్న' అనే పిలిచేదాన్ని. సూరత్ రింగ్ రోడ్డులోని ఒక చీరల శేఠ్ మాకు దొరికిన మొదటి పెద్ద గిరాకీ. వెబ్‌సైట్ నచ్చితే ఆయన బంధువుల దుకాణాలన్నీ మాకే, నచ్చకపోతే ఆఫీసుకు తాళమే. అంత బరువైన పని నా చేతిలో పెట్టి అన్న ఊరికి వెళ్ళాడు.

నేను విజృంభించాను. మౌస్ సోకితే కొంగులు రెపరెపలాడాయి. ధర మీద నొక్కితే, బేరం కుదరదన్నట్టు అది అడ్డంగా తల ఊపింది. నొక్కిన చోటల్లా మల్లెలు రాలాయి. చీర కొనే బటన్ అయితే సంతోషం పట్టలేక గంతులేసింది. (కాస్త ఎక్కువే వేసింది.)

శేఠ్ వచ్చే రోజు ఉదయం అన్న తిరిగొచ్చి చూశాడు. "ఏందిది చెల్లే? దుకాణమా, జాతరనా? గిట్ల ఎగిరితే గిరాకీ ఏం కొంటది? జల్ది తీసెయ్!"

తీసేలోపే శేఠ్ మెట్లెక్కి వచ్చాడు. వెంట వాళ్ళమ్మ. ముసలావిడ, అందరూ ఆమెను 'బా' అనేవారు.

శేఠ్ ముందుగా కొనబోయాడు. బటన్ గెంతింది. ఆయన వెంటపడ్డాడు, అది పక్కకు దూకింది. చివరికి మౌస్ వదిలేసి, "అరే భాయ్, మై ఖరీద్‌నే ఆయా హూఁ, పకడ్‌నే నహీఁ!" అన్నాడు. కొనడానికి వచ్చానుగానీ పట్టుకోవడానికి కాదని. అన్న నుదురు తుడుచుకున్నాడు. నేను బల్ల కింద ఎంత చోటుందో చూసుకున్నాను.

ఆయన వదిలిన మౌస్ జారి, బాణం ఒక ఎర్ర చీర మీదికి వెళ్ళింది. చీర నిండుగా విచ్చుకుంది. నేను కంగారుగా బాణాన్ని పక్కకు లాగగానే అంచులు కలుపుకుని, మడత మీద మడత పడి, బుద్ధిగా కూర్చుంది.

"ఫరీథీ," అంది బా. మళ్ళీ చూపించమని.

చూపించాను. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. ఇంకోసారి చూసి, "గడీ కోణ్ వాళే ఛే?" అని మెల్లగా అడిగింది. మడత ఎవరు పెడుతున్నారు అని. ఎవరూ లేరు బా, దానంతట అదే పడుతోంది, అన్నాను నాకొచ్చిన గుజరాతీలో. ఆమె నవ్వలేదు. దుకాణంలో ఆడవాళ్ళు విప్పించుకుని చూసి, కొనకుండా లేచిపోయిన చీరలన్నిటినీ పెళ్ళై వచ్చిన నాటి నుంచి మడతపెట్టింది ఆమేనట. ఆ మాట శేఠే గొంతు తగ్గించి చెప్పాడు. బా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, విప్పుకుంటూ మడతపడుతున్న ఆ చీరను మొదటిసారి సముద్రాన్ని చూసినట్టు చూసింది. ఆ కోడు రాసింది నేనే. అయినా నాకే ఒళ్ళు జలదరించింది.

"బాకీ తమాషా నికాలో. యే రహనే దో," అన్నాడు శేఠ్ లేస్తూ. మిగతావి తీసెయ్, ఇది ఉండనీ అని.

వాళ్ళు మెట్లు దిగాక అన్న కుర్చీలో కూలబడ్డాడు. "బతికినం చెల్లే. ఇగ ఆ మల్లెపూలు ఊడ్చెయ్!"

ఇన్నేళ్ళ తర్వాత, 'పేజీ బరువెక్కి నెమ్మదిస్తుంది, కదిలేవన్నీ తీసేయండి' అని కొత్తవాళ్ళకు చెప్పేది నేనే. వెనక నన్ను 'బ్రేకు మేడమ్' అంటారని తెలుసు. అయినా ఏదైనా కొత్త పేజీ తెరిస్తే, పని మొదలుపెట్టే ముందు, ఎవరూ చూడకుండా బాణాన్ని ఒకసారి బొమ్మల మీదుగా నెమ్మదిగా పోనిస్తాను. చాలాసార్లు ఏదీ కదలదు. కదిలిన రోజున మాత్రం నా టీ చల్లారిపోతుంది.