కరివేపాకు కుండీగా మారిన గుండిగ

జనవరిలో కెనడాలో, మా విన్నిపెగ్‌లో, గడ్డకట్టిన టీని కత్తితో కోసుకుని తాగుతామని బంధువులకు చెప్పి నమ్మించినవాణ్ణి నేను. ఇప్పుడు చెప్పేది మాత్రం నిజం. అందుకే కాస్త చప్పగా ఉంటుంది.

మా ఆఫీసులో నైజీరియా మిత్రుడొకడున్నాడు. నన్ను "అన్నా" అని పిలవడం నేనే నేర్పాను. ఒక ఆదివారం ఇద్దరం మ్యూజియంకు వెళ్ళాం. అద్దాల పెట్టెలో ఒక కంచు శిరస్సు. నైజీరియాలో వాళ్ళ రాజుగారి కోటను తగలబెట్టి బ్రిటిష్ సైన్యం ఎత్తుకెళ్ళిన సొత్తు. కింద కార్డు మీద "సేకరణ" అని ఉంది.

"దోపిడీ అని రాయడానికి చోటు చాలలేదేమోరా," అన్నాను.

ఎప్పుడు తిరిగిస్తారని వాడు అక్కడి ఉద్యోగినిని అడిగాడు. ఇక్కడైతే భద్రంగా ఉంటుందనీ, చర్చలు జరుగుతున్నాయనీ, కావాలంటే కింది దుకాణంలో నమూనా దొరుకుతుందనీ ఆవిడ ఎంతో మర్యాదగా చెప్పింది.

నాకు ఒళ్ళు మండింది. కారులో ఇంటిదాకా తెల్లదొరల ఏడు తరాలనూ తిట్టిపోసి, వాణ్ణి టీకి లోపలికి తీసుకొచ్చాను.

కిటికీ దగ్గర మా ఆవిడ ప్రాణంలా పెంచుకుంటున్న కరివేపాకు మొక్క. వాడు ఆగిపోయాడు. చూస్తున్నది మొక్కను కాదు, కుండీని.

"అన్నా, అది మా అమ్మ గుండిగ."

మూడేళ్ళ కిందట మా ఇంట్లో తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందుకు వాడు అన్నం వండి తెచ్చిన అల్యూమినియం గుండిగ. ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగివ్వం కదా మనం. ఏదైనా మంచిది వండి నింపి ఇద్దామనుకున్నాం. ఆ మంచి వంట ఇంకా కుదరలేదు. ఈలోగా మొక్క పెరిగింది.

"ఇల్లు మారేటప్పుడు పోయిందనుకున్నాను. శనివారం అమ్మ వస్తోంది. అది లేకుండా మొహం చూపించొద్దంది."

వంటింట్లోంచి మా ఆవిడ తెలుగులో అరిచింది. "ఏవండీ, ఈ చలిలో కుండీ మారిస్తే మొక్క చచ్చిపోతుంది! సమ్మర్ దాకా ఆగమనండి. మన దగ్గర సేఫ్‌గానే ఉందిగా!"

నేను వాడికి మర్యాదగా అనువదించాను. "ఇక్కడైతే భద్రంగా ఉంటుంది. చర్చిద్దాం. కావాలంటే ఇలాంటిదే కొత్తది కొనిస్తాను."

"కార్డు కూడా రాసి పెట్టన్నా," అన్నాడు వాడు. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు మొక్క ప్లాస్టిక్ బకెట్‌లోకి మారింది. గుండిగ తోముతుంటే అడుగున చిల్లు కనబడింది. నీళ్ళు దిగడానికి అప్పట్లో నేనే డ్రిల్‌తో పెట్టాను.

శనివారం చిల్లు మీద ఫాయిల్ పరిచి, పులిహోర నింపి వాళ్ళింటికి పట్టుకెళ్ళాం. అమ్మగారు పులిహోరను పళ్ళెంలోకి ఒంపి, ఫాయిల్ పీకేసి, చిల్లులో వేలు దూర్చి నావైపు చూశారు. వాడూ చూశాడు.

గుండిగ మా చేతికి వచ్చేటప్పటికే చిల్లు ఉందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనకాల మంచి కథ కూడా సిద్ధంగా ఉంది.

"నేనే పెట్టానమ్మా," అన్నాను. "పట్టుకెళ్ళి బాగు చేయించి తెస్తాను."

ఆవిడ గుండిగను ఒళ్ళోకి లాక్కున్నారు.

"చేసేవాణ్ణి ఇక్కడికే తీసుకురా. ఇది గడప దాటదు."