థర్మాకోల్ ఇడ్లీలతో షుగరు ఆట

షుగరు వాళ్ళకి తిండి లెక్కలు సరదాగా నేర్పిస్తామంటే, టీచరుగా రిటైరైన మా అక్కని వెంటబెట్టుకుని ఇవాళ గుండుగొలను నుంచి ఏలూరు వెళ్ళాను. బుద్ధి గడ్డితిని.

బల్ల మీద థర్మాకోల్ ఇడ్లీలు, ప్లాస్టిక్ అరటిపళ్ళు, దూదితో చేసిన అన్నం. జట్లుగా కూర్చుని, దేంట్లో ఎంత పిండిపదార్థం ఉందో లెక్కగట్టి పళ్ళెం నింపాలి. లెక్క దాటితే మార్కులు కోస్తారు. ఒంటిగంటకి భోజనాలన్నారు కదా అని అక్క పన్నెండున్నరకే ఇన్సులిన్ చేసుకుంది. రెండు దాటింది. ముఖ్య అతిథి ఇంకా రాలేదని ఆట సాగదీస్తూనే ఉన్నారు. అక్కకి చెమటలు పట్టాయి, చేతులు వణుకుతున్నాయి.

"ఏవండీ, మా అక్కకి షుగర్ పడిపోతోందండీ. తినడానికి ఏదైనా ఇవ్వండి," అన్నాను మైకు పట్టుకున్న అమ్మాయితో.

"ఒక్క రౌండేనండీ! మధ్యలో లేస్తే సరదా పోతుందండీ," అంది నవ్వుతూ.

అంత పెద్ద హాల్లో నిజమైన మెతుకు ఒక్కటి లేదు. ఎదురుగా ఉన్న టీ కొట్టుకి పరిగెత్తి, గ్లాసుడు నీళ్ళలో పంచదార కలిపించి తెచ్చి తాగించాను. అక్క తేరుకుంటుండగా మైకులో వినిపించింది.

"ఆట మధ్యలో పంచదార తీసుకున్నందుకు టీచర్ గారి జట్టుకి అయిదు మార్కులు కోతండీ!"

జనం చప్పట్లు కూడా కొట్టారు.

వస్తూ వస్తూ ఒక థర్మాకోల్ ఇడ్లీ జేబులో వేసుకొచ్చాను. రేపు వెళ్ళి ఈ ఆట పెట్టించిన నిర్వాహకుడి చేతే తినిపిస్తాను. అందులోకి ఏ చట్నీ బాగుంటుందో కాస్త చెప్పండి.