నచ్చేదాకా నాణేలు

అమెరికాలోని నోవైలో ఉండే పానకాలరావు గారు రోజూ పొద్దున్నే మూడు క్వార్టర్ నాణేలు ఆరుసార్లు ఎగరేసి, చైనావాళ్ల ప్రాచీన శకున గ్రంథం ప్రకారం ఆ రోజు ఎలా మసలుకోవాలో తెలుసుకుంటారు. మనసు బాగుపడాలనీ, నలుగురితో పొసగాలనీ ఆయన కోరిక. వాకింగ్ మిత్రుడు చలపతితో మాటల్లేక మూడు వారాలైంది. ఈరోజు ‘నువ్వే తగ్గు’ అని వచ్చింది. పళ్లు నూరి మళ్లీ వేశారు. అదే వచ్చింది. మూడోసారి ‘కదలకు’ అని వచ్చాక ముఖం తేటపడింది.

“ఒకే ప్రశ్న ఎన్నిసార్లండీ? వాటికీ విసుగొచ్చి మీకు నచ్చింది చెప్పేశాయి,” అంది భార్య ప్రమోద.

అంతలో చలపతి ఫోన్ చేశాడు. ఆయన కదల్లేదు. ప్రమోదే ఎత్తి, “షవర్‌లో ఉన్నారు అన్నయ్యగారూ,” అంది.

ఫోన్ పెట్టగానే, “ఏంటట?” అన్నారాయన.

“వాకింగ్ ట్రైల్ మీద ఐస్ ఉందట. జారి పడతారు, ఈరోజు వెళ్లొద్దని చెప్పమన్నారు.”

పొగలు కక్కుతున్న కాఫీ చల్లారిపోయిందంటూ ఆయన ఆమెను కసిరారు.