యోబు కట్టిన పలకరాతి గూడు

యోబు గురించి చెప్పమంటే నేను ముందు ఆయన మొలతాడుకు కట్టుకునే తాళంచెవి సంగతి చెబుతాను. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలు ఒకదాని వెనుక ఒకటి మూతపడుతున్న రోజుల్లో, ఆయన పనిచేసే షెడ్డు యజమాని మిషన్లన్నీ అమ్మేసి, తాళంచెవి యోబు చేతిలో పెట్టి, రెండు రోజుల్లో వస్తానని చెప్పి వెళ్లాడు. అది జరిగి పదకొండేళ్లయింది. యజమాని రాలేదు, యోబు ఆ తాళంచెవి వదల్లేదు.

నేను గోవర్ధన్‌ని, బడిలో డ్రిల్లు మాస్టరును. ఎయిర్ రైఫిల్ నేర్పడానికి పది మీటర్ల పొడుగున్న చోటు కోసం ఊరంతా తిరిగి చివరికి ఆ షెడ్డు దగ్గరికి వెళ్లాను. యజమాని ఫోన్లో సరేనన్నాడు. యోబు సరేననడానికి మాత్రం వారం పట్టింది. రోజూ వెళ్లి నిలబడేవాణ్ని. "పిల్లోళ్లు గోడల మీద రాస్తారా సార్?" అని ఒకరోజు, "చెప్పులతో లోపలికొస్తారా?" అని ఇంకొకరోజు అడిగేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నన్ను పిల్లలు నా వెనుక మిరపకాయ సార్ అంటారని తెలుసు. అయినా ఆయన ముందు ఎందుకో నోరు లేచేది కాదు. ఆరేళ్లుగా రోజూ ఉదయం ఆరు గంటలకు ఆయనే తాళం తీస్తున్నాడు. ఒకే ఒక్కరోజు తప్ప ఎప్పుడూ ఆలస్యం కాలేదు.

ఆయన పన్నెండో ఏట పలకల పనిలో చేరాడు. గనిలోంచి వచ్చిన బండను ఉలితో పొరలు పొరలుగా విడదీయడం ఆయన పని. ఏ పలకనైనా వేలి కణుపుతో టక్కున కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడట. మోత బాగుంటే మంచి రాయి, బొంగురుపోతే లోపల ఎక్కడో పగులున్నట్టు. ఆ రాతిదుమ్ము ఆయనకు మంచి చెవిని, మానని దగ్గును ఇచ్చింది. ఆ దగ్గు వచ్చినప్పుడల్లా పిల్లలకు ఇబ్బంది కాకూడదని బయటికి వెళ్లిపోయేవాడు. ఆయన భార్య కోటమ్మ దీని గురించి నాతో ఒకసారి అన్న మాట మరిచిపోలేను. "మందిరంలో పాట మధ్యలో దగ్గొచ్చినా లేచి పోతాడు సార్. దేవునికి గూడా అడ్డం కాకూడదంట."

ఆ షెడ్డులో నేను నడిపే రైఫిల్ క్లబ్బులో ఆయనకు పనేమీ లేదు. అయినా పనులు కల్పించుకున్నాడు. పిల్లలు కాల్చి పడేసిన టార్గెట్ అట్టలను ఏరి, పన్నెండేసి చొప్పున నూలుదారంతో కట్టలు కట్టి గోడ పక్కన పేర్చేవాడు. పలకల్ని డజను లెక్కన కట్టిన అలవాటది. ఆ చెత్తంతా ఎందుకన్నా అని విసుక్కునేవాణ్ని. నవ్వి ఊరుకునేవాడు.

సుమతిది కొనకనమిట్ల దగ్గర పల్లె. వాళ్ల నాయన వానను నమ్ముకుని కంది వేస్తాడు. ఆ అమ్మాయి మొదటి బస్సుకు వచ్చి, గంటన్నర కాల్చి, కాలేజీకి వెళ్లేది. యోబును పెదనాయన అని పిలిచేది. మాకున్న నాలుగు రైఫిళ్లలో పోటీకి పనికొచ్చేది ఒక్కటే. అది ఆమె భుజానికి అచ్చంగా సరిపోయింది. జూనియర్ విభాగంలో ఆమెకు ఇదే ఆఖరు సంవత్సరం. ఈ రాష్ట్ర ఎంపికల్లో నిలవకపోతే, పెళ్లి సంబంధాలు చూస్తామని ఇంట్లో ముందే చెప్పేశారు.

ఎంపికలకు రెండు వారాలుండగా నా పాత శిష్యుడు వినయ్ కుమార్ ఒక రాడార్ క్రోనోగ్రాఫ్ తెచ్చి నెల రోజులు వాడుకోమని ఇచ్చాడు. అరచేతి కంటే కాస్త పెద్ద పెట్టె. గొట్టం పక్కన పెడితే, బయటికి వచ్చిన సీసపు గుండు సెకనుకు ఎన్ని మీటర్ల వేగంతో పోయిందో తెర మీద చూపిస్తుంది. ప్రతి గుండూ ఇంచుమించు ఒకే వేగంతో పోతుంటే రైఫిల్ ఆరోగ్యంగా ఉన్నట్టు. మావాళ్లు దానికి స్పీడు మిషను అని పేరు పెట్టేశారు. మొదటిరోజు షెడ్డు బయట, పలకముక్కల గుట్ట ముందు టార్గెట్ పెట్టి చూశాం. నూట డెబ్బై రెండు, డెబ్బై ఒకటి, మళ్లీ డెబ్బై రెండు. నా ఛాతీ ఉప్పొంగింది.

"దీని మీద దుమ్ము పడకూడదన్నా. చాలా సున్నితమైంది," అని యోబుతో అన్నాను. అనడం నా నోటి దురద. దాంతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకాన్ని మాత్రం బల్ల సొరుగులో పడేశాను. ఆరేళ్లుగా తుపాకులు చూస్తున్న నాకు పుస్తకం చదవాల్సిన ఖర్మ ఏమిటనుకున్నాను.

యోబు మూడు రోజుల్లో ఆ మిషనుకు గూడు కట్టాడు. దాచిపెట్టుకున్న నల్లటి మేలురకం పలకలు తీసి అడుగు, రెండు పక్కలా గోడలు, పైకప్పు అమర్చాడు. మిషను ముఖం మీద దుమ్ము రాలకుండా ముందుకు నాలుగు వేళ్ల చూరు కూడా వదిలాడు. చూరు అంచు మీద మేకుతో సుమతి అని చెక్కాడు. అక్షరాలు బడిపలక మీద దిద్దినంత గుండ్రంగా ఉన్నాయి. ఆ అమ్మాయి వేలితో తన పేరును తడుముకుంటూ చాలాసేపు నిలబడింది. నేను కూడా మెచ్చుకున్నాను. మిషను గూట్లోకి చేరింది, గూడు మేం రైఫిల్ కాల్చే బల్ల మీదికి చేరింది.

ఆ రోజు నుంచే అంకెలు చెడ్డాయి. నూట డెబ్బై రెండు. తరువాత నూట నలభై తొమ్మిది. తరువాతి గుండుకు తెర మీద ఏమీ రాలేదు. ఆపైన నూట అరవై ఒకటి, మళ్లీ ఏమీ లేదు. వచ్చిన ప్రతి అంకెనూ ఆ గుండ్లు తగిలిన టార్గెట్ అట్ట వెనుకనే పెన్సిలుతో రాసుకున్నాను. బ్యాటరీ మార్చాను, గుండ్ల డబ్బా మార్చాను. నాలుగో రోజుకు ఓపిక నశించి సుమతి మీద పడ్డాను.

"చేయి వణుకుతోందా? మనసు ఎక్కడ పెట్టి కాలుస్తున్నావు?"

చేయి వణికితే గురి తప్పుతుంది గానీ వేగం తగ్గదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా అరిచాను. ఆ అమ్మాయి తల వంచుకుంది. తెర మీది అంకెను నమ్మి, నా ముందు నిలబడ్డ పిల్లను నమ్మలేదని ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

ఆ సాయంత్రం హైదరాబాదులో రైఫిళ్లు రిపేరు చేసే మనిషికి ఫోన్ చేశాను. లోపలి సీలు అరిగిపోయి గాలి హెచ్చుతగ్గులుగా వదులుతుండొచ్చని, పంపితే రెండు వారాలు పడుతుందని చెప్పాడు. ఎంపికలు ఆరు రోజుల్లో ఉన్నాయి.

"సార్, మళ్లా సంవత్సరం నేను జూనియర్‌లో ఉండను," అంది సుమతి.

"చెడిపోయిన రైఫిల్‌తో పోయి పరువు తీసుకుంటావా?" అన్నాను.

ఆమె బస్టాండు వైపు వెళ్లిపోయింది. నేను రైఫిల్‌ను పెట్టెలో పెట్టి తాడు కట్టాను. పొద్దున్నే వచ్చి పార్శిల్ వేస్తానని యోబుతో చెప్పి ఇంటికి వెళ్లాను.

మరునాడు ఏడింటికి వెళ్లేసరికి షెడ్డు తలుపు మూసే ఉంది. మెట్టు మీద యోబు కూర్చుని ఉన్నాడు. తాళంచెవి పిడికిట్లో ఉంది. ఆయన నన్ను చూసి కూడా కూర్చునే ఉండటం అదే మొదటిసారి.

"తాళం తీయన్నా. పార్శిల్ ఆఫీసు తెరుస్తారు," అన్నాను.

"తీయను సార్."

"ఏమిటి?"

"ఈ పొద్దు తీయను. తీస్తే మీరు పెట్టె తీసుకపోతారు."

ఆరేళ్లలో ఆయన నాకు కాదని చెప్పడం ఎరగను. "నీకేం తెలుసు దాని గురించి? మిషను చూపిస్తోంది కదా!" అని వీధి వినపడేలా అరిచాను. ఆయన దగ్గాడు, తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు. పక్కనున్న అట్టల కట్ట నా చేతిలో పెట్టాడు.

"నాకు తెల్దు సార్. దీన్ని జూడండి. ముందుపక్క చూడండి, వెనకపక్క చూడండి."

చూశాను. వెనుక నా చేతిరాతలో నూట డెబ్బై రెండు, నూట నలభై తొమ్మిది, అంకె రాని చోట గీతలు. ముందువైపు సుమతి కాల్చిన పది చిల్లులు కలిసిపోయి, నడుమ శనగగింజంత ఒకే రంధ్రం. రెండో అట్టా అంతే, మూడోదీ అంతే.

"మిషను చెప్పేదే నిజమైతే ఒక గుండు జోరుగా పోయింది, ఇంగొకటి మెల్లగా పోయింది. మెల్లగా పోయింది కిందికి దిగాల గదా సార్? చిల్లులు కిందికీ మీదికీ పడాల గదా? యాడ పడినాయి?"

మనిషి చదివింది ఐదో తరగతి. నేను పిల్లలకు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పే పాఠాన్నే నాకు తిరిగి అప్పగించాడు.

"మోత గూడా విన్నా. నలభై ఏండ్లు రాయి మోత విన్నోడిని. తుపాకి మోత మారలేదు సార్. పాప తప్పు లేదు, తుపాకి తప్పు లేదు."

"మరి మిషనుకేమైంది?"

ఆయన తాళంచెవిని వేళ్ల మధ్య తిప్పుతూ నేలను చూశాడు.

"మొదటిరోజు బయట బాగా చెప్పింది. లోపలికొచ్చినాక చెడింది. లోపల కొత్తగా వచ్చింది ఏంది సార్? నేను కట్టిన గూడే గదా."

అప్పుడే సుమతి వచ్చింది. రైఫిల్ లేదని తెలిసినా మొదటి బస్సెక్కడం మానలేకపోయిందట. యోబు లేచి తాళం తీశాడు. పెట్టె తాడు నేనే విప్పాను. మిషనును గూట్లోంచి తీసి, వేరే స్టూలు మీద గొట్టానికి పక్కన, టార్గెట్ వైపు ముఖం పెట్టి ఉంచాం. సుమతి ఐదు గుండ్లు కాల్చింది. నూట డెబ్బై రెండు, డెబ్బై ఒకటి, డెబ్బై రెండు, డెబ్బై మూడు, డెబ్బై రెండు.

నేను గట్టిగా కేకేశాను. యోబు మాత్రం చెయ్యెత్తి ఆపాడు. "ఆగండి సార్. మళ్లా గూట్లో పెట్టి చూద్దాం. రెండు తూర్లు మోగించందే ఏ రాయినీ నమ్మకూడదు."

గూట్లో పెట్టాం. నూట డెబ్బై ఒకటి, ఏమీ లేదు, నూట యాభై రెండు. బయట పెట్టాం. మళ్లీ అన్నీ డెబ్బైల్లోనే.

సొరుగులోంచి పుస్తకం తీశాను. మూడో పేజీలోనే ఉంది. మిషను ముందు గానీ పక్కల గానీ ఏ అడ్డూ ఉండకూడదట. ఉంటే దాని కిరణం అడ్డును తాకి చెదిరి, చిన్న గుండు జాడ సరిగా అందదట. కాల్చే బల్ల మీద పెడితే అదురు కూడా తగులుతుందట. నేను పైకి చదివాను. చదువుతుంటే నా గొంతు నాకే వినపడనంత తగ్గిపోయింది.

"దీన్ని చదవంది నేనన్నా. దుమ్మని నీకు చెప్పింది కూడా నేనే. తప్పు నాది," అన్నాను. ఆ మాట నాకు అంత సులభంగా రాదు, ఆ రోజు వచ్చింది.

యోబు వినిపించుకున్నట్టు లేడు. గూటి దగ్గరికి వెళ్లి వేలి కణుపుతో దాని కప్పు మీద కొట్టి, చెవి ఆనించాడు. ఆ మోత షెడ్డంతా పాకింది.

"ఒక్క పగులు గూడా లేదు సార్. మంచి రాయి," అన్నాడు. తరువాత గోడ మీంచి ఉలి, సుత్తి తీసుకున్నాడు.

"పక్కన పెట్టేస్తే సరిపోతుంది కదన్నా, పగలగొట్టడం ఎందుకు?" అన్నాను.

"ఉంటే ఎవరో ఒకరు దుమ్మని మళ్లా దీంట్లో పెడ్తారు. నేనే పెడ్తానేమో. చూస్తే ముద్దొస్తది గదా." సుమతి వైపు తిరిగాడు. "నీ పేరు మీదనే దెబ్బ పడతది బిడ్డా. ఏమనుకోవద్దు."

"కొట్టు పెదనాయనా," అంది ఆ అమ్మాయి. కళ్ల నిండా నీళ్లున్నాయి.

మూడు రోజులు కట్టిన గూడు మూడు దెబ్బలకు విడిపోయింది. చూరు పలక సుమతి పేరు మధ్యలో రెండుగా చీలింది. యోబు ముక్కలు ఏరి బయట గుట్టలో పారబోసి, అక్కడే కాసేపు దగ్గుతూ నిలబడ్డాడు.

సుమతి ఆ రైఫిల్‌తోనే ఎంపికలకు వెళ్లింది. నలుగురిని తీసుకుంటే నాలుగో పేరు ఆమెది. షెడ్డులో ఉన్న నాకు ఫోన్ చేసి ఫలితం చెప్పగానే, నాతో కూడా సరిగా మాట్లాడకుండా, ఫోన్ పెదనాయనకివ్వమని తొందరపెట్టింది. ఆయన ఫోన్ చెవికి ఆనించుకుని, చాలాసేపు విని, "మోత బాగుండె గదా?" అని ఒక్కమాట అడిగాడు.

మరునాడు ఉదయం నేను వెళ్లేసరికి యోబు గోడకు మేకు కొడుతున్నాడు. చెక్క చట్రం బిగించిన కొత్త పలక ఒకటి పక్కన ఉంది. దాని మీద సుమతి పేరు మళ్లీ చెక్కాడు. పలకను మేకుకు తగిలించి, అక్కడి నుంచి మిషను స్టూలు దాకా అడుగులు వేసి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. తరువాత నా వైపు చూసి, తప్పు చేసిన పిల్లాడిలా అడిగాడు.

"ఈ దూరానికి పుస్తకం ఒప్పుకుంటదా సార్?"

నేను సొరుగులోంచి పుస్తకం తీసి, ఆ పేజీని ఆయన ముందే మొదటి నుంచి చివరిదాకా చదివాను. "ఒప్పుకుంటుందన్నా," అని చెప్పాను.